పొట్ట తునక

చేప వండిన రోజు మా ఇంట్లో ఏ ముక్క ఎవరికని పేచీ ఉండేది కాదు. తల మా నాయనకు. నడుమ ముక్కలు ఇంట్లోవాళ్ళకు, వచ్చినవాళ్ళకు. పొట్ట తునక మాత్రం మా తమ్ముడి తట్టకు, మా వైపు కంచాన్ని తట్ట అంటాం. పలచగా, కొవ్వు పట్టి, నోట్లో వేసుకుంటే ఇట్టే జారిపోయే ముక్క అది. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ తీసిపెట్టేది. వాడికి పాలపళ్ళు ఊడకముందే అమ్మ పోయింది. ఆ తర్వాత నేను తీసిపెట్టాను. వాడిని పెంచింది నేనే అని ఊళ్ళో అందరికీ తెలుసు.

తమ్ముడు పోయి చాలా కాలమైంది. చేప వల్ల పోలేదు, గుండె ఆగి పోయాడు. అది ముందే చెప్తున్నాను, ఎవరూ ఏదేదో ఊహించుకోకుండా. నేను అరవ అక్షరాలు నేర్చుకుందే జుట్టు నెరిశాక. ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకు కూడా అక్షరాలున్నాయని తెలిసి, వాటిని కూడబలుక్కున్నది ఇంకా తర్వాత. అందుకని తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగిన వరసలో రాస్తాను.

మాది కోవిల్‌పట్టికీ ఎట్టయాపురానికీ నడుమ ఒక నల్లరేగడి పల్లె. సజ్జ, పత్తి, మిరప. వాన పడితే పంట, లేకుంటే అగ్గిపెట్టెల పని. నా మొగుడు పోయాక నేను తమ్ముడి ఇంటికి వచ్చేశాను. కొయ్య చట్టాల్లో అగ్గిపుల్లలు పేర్చే పనికి పోతూ, ఇంటి వంట నేనే చూసేదాన్ని. మరదలికి వంట మీద అంత మక్కువ లేదు. తమ్ముడు లారీ తోలేవాడు. తూత్తుకుడి ఉప్పుమడుల్లో ఉప్పు ఎత్తుకుని విరుదునగర్ దాకా, ఒక్కోసారి ఇంకా పైకి పోయి వచ్చేవాడు. అక్కడి సముద్రం వల్ల మాకు ఆదివారాలు చేప దొరికేది.

తొంభైల నాటి మాట. ఒక ఆదివారం పొద్దున వాకిట్లోకి వస్తూనే అరిచాడు.

"అక్కా, చట్టి కడిగి పెట్టినావా? సముద్రాన్నే తెస్తిని చూడు!"

"సముద్రాన్ని ఆ వాకిట్లోనే పెట్టు. గబ్బు ఇంట్లోకి తేవద్దు."

"ఇప్పుడు గబ్బు అంటావు. తినేటప్పుడు చట్టి నాకేది ఎవరో?"

లోపలి నుంచి మరదలు అందుకుంది. "వదినె ఏడ నాకుతుంది? ఉండేదంతా మీ తట్టలో పోస్తుంది కదా. మాకే చట్టి, గరిటె."

ముగ్గురం నవ్వాం. ఆ మాటలో ముల్లు ఉందని నాకు తెలుసు. ఉన్నా నవ్వాను.

తెచ్చింది అయిల చేప. వీపు మీద నీలం గీతలు, నిగనిగలాడే పొట్ట. రాతి మీద రుద్ది, పొట్ట కోసి, పేగులు లాగి పారేశాను. పొట్ట లోపలి గోడకు తెల్లటి సన్నటి పోగులు చుట్టలు చుట్టుకుని అతుక్కుని ఉంటాయి, పాత నూలు ముక్క చుట్టుకున్నట్టు. చేప కోసే ఆడవాళ్ళందరూ చూసేవే. కొందరు నరం అంటారు, కొందరు కొవ్వు అంటారు. గోటితో గీకితే కొన్ని వస్తాయి, కొన్ని రావు. రాకుంటే పోనీ, చింతపులుసులో కుతకుత ఉడికాక ఏముంటుంది అనుకునేవాళ్ళం. నేనూ అంతే.

తమ్ముడు తిని లేచి చేయి కడుక్కున్నాడు. వక్క నోట్లో వేసుకుంటూ అరచేయి గోక్కోవడం మొదలుపెట్టాడు.

"ఏందో అక్కా, గోకతా ఉంది."

చూస్తుండగానే మెడ మీద, పొట్ట మీద కందిరీగలు కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. పై పెదవి ఉబ్బి ముక్కును తాకేట్టు అయింది. ఇరుగుపొరుగు వచ్చి చూసి "అమ్మ వచ్చింది" అన్నారు. వేపాకు పరిచి పడుకోబెట్టారు. పొద్దు వాలేసరికి అంతా దిగిపోయింది. అమ్మవారు అంత తొందరగా వచ్చి పోతుందా అని నేను అడిగితే, నోరు మూసుకోమన్నారు.

అంతకు ముందు ఏడాది వాడు ఒకసారి కడుపు పట్టుకుని లారీ దిగాడు. ఉప్పుమడుల దగ్గర కూలీలతో కూర్చుని, బొగ్గుల మీద చేప కాల్చుకుని తిన్నాడట. పైన మాడింది, లోపల పచ్చి. మెలికలు తిరిగిపోయాడు. వాము నీళ్ళు తాగించాను. తగ్గింది, మరిచిపోయాం. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తర్వాత తెలుస్తుంది.

రెండోసారి చేప వండిన రోజు దద్దుర్లతో ఆగలేదు. వాంతి అయింది, గొంతు పట్టేసింది, ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. పక్కింటి వాళ్ళ బండి మీద కోవిల్‌పట్టి ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. సూది వేశాక తేరుకున్నాడు. అక్కడి డాక్టరు, నీకు చేప పడదు, తినవద్దు అన్నాడు. తమ్ముడు నమ్మలేదు. "పళ్ళు వచ్చినప్పటినుంచి తింటా ఉండా. ఇప్పుడేమి కొత్తగా?" అన్నాడు. అన్నట్టే విరుదునగర్ హోటల్లో పెద్ద చేప చక్రాలు వేయించినవి తిని వచ్చాడు. ఏమీ కాలేదు. నవ్వుతూ వచ్చి చెప్పాడు. నేనూ సంతోషపడ్డాను.

మరదలి తల్లి సంతోషపడలేదు. ఆమె వత్రాప్ నుంచి కూతుర్ని చూడటానికి వచ్చి ఉంది. తాంబూలం నములుతూ అరుగు మీద కూర్చుని, నన్ను పిలిచింది.

"అమ్మాయ్, ఒకే చట్టి కదా?"

"ఒకే చట్టి అత్తా."

"అందరూ తింటిరి."

"అందరమూ తింటిమి."

"వానికి మట్టుకే ఏల ఆయె? ఓటల్లో తింటే ఏమీ కాలేదంట. నీ చేత తింటేనే అవుతా ఉంది. వాని తట్టలో వేరేగా ఏమి పెట్టినావు?"

"ఎప్పుడూ పెట్టేదే. పొట్ట తునక."

"అదే అడగతా ఉండా. ఇంతమందికి పెట్టనిది వానికి మట్టుకు ఏల పెడతావు?"

అరుగు దిగి వంటింట్లోకి పోయాను. వాడికి పెట్టకుండా ఎవరికి పెట్టాలి?

తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా వైపు మందు పెట్టడం అని ఒక నమ్మకం ఉంది. మగవాడిని తన చెప్పుచేతల్లో ఉంచుకోవాలని ఆడది ఏదో పొడి అన్నంలో కలిపి పెడుతుందట. అది కడుపులో అంటుకుని ఉండిపోయి మనిషిని లోపలి నుంచి తినేస్తుందట. ఎవరైనా తిండి తిని జబ్బుపడి, జబ్బు పేరు తెలియకపోతే, మావాళ్ళ చూపు ముందు వడ్డించిన చేతి మీదకే పోతుంది. ఆ మందు కక్కించేవాళ్ళు కూడా ఉంటారు. నరికుడి వైపు ఒక పల్లెలో అలాంటి ముసలాయన ఒకడున్నాడని మరదలి తల్లికి తెలుసు. తమ్ముడిని అక్కడికి తీసుకుపోయారు. నన్ను రమ్మనలేదు.

సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. తిన్నగా పెరట్లోకి వచ్చాడు. నేను చట్లు కడుగుతున్నాను.

"ఏమిరా, ఏమి చేసినారు?"

"ఏదో ఆకు రసం తాగించె. కక్కితిని. దాంట్లో వచ్చె అక్కా."

"ఏమొచ్చె?"

"ఇంత ఉండ. నల్లగా, వెంట్రుక చుట్టుకున్నట్టు. నా కళ్ళతో చూస్తిని."

"వాని చేతిలో ముందే పెట్టుకుని ఉంటాడు. నీవు కళ్ళు మూసుకుని కక్కతా ఉంటివి, ఏమి చూసినావు?"

వాడు తల వంచుకున్నాడు. "నీవు చేసినావని నేను అనలేదు. నీకు తెలీకుండా ఎవురైనా నీ చేత..."

"నా చేత ఎవురు చేయిస్తారు రా? నా చేయి నాదే కదా?"

అరవలేదు వాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, తేలిపోయేది. చేతులు కట్టుకుని, బడిలో తప్పు చెప్పినవాడిలా నిలబడ్డాడు. ఆ ముసలాయన ఏడాది పాటు ఇంట్లో నీసు వండవద్దన్నాడు. వండలేదు. దద్దుర్లూ రాలేదు. దాంతో ఊరికి కూడా నమ్మకం కుదిరింది.

మరదలు వాడికి వేరే కుండలో వండటం మొదలుపెట్టింది. నేను ఏమీ అనలేదు. ఒకరోజు ఆమె పొలం నుంచి రావడం ఆలస్యమైంది. వాడు ఎండలో లారీ దిగి వచ్చాడు, కడుపు వీపుకు అంటుకుని ఉంది. సజ్జ సంకటి మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ నలిపి, చెంబుతో తెచ్చి ఇచ్చాను. చిన్నప్పటినుంచి వాడు తాగింది అదే. చెంబు పుచ్చుకున్నాడు. కొట్టం వైపు పోయాడు. తొట్లో పోశాడు.

ఎద్దు తాగింది. వాడు అక్కడే నిలబడి ఎద్దును చూస్తూ ఉన్నాడు, దానికి ఏమైనా అవుతుందేమో అని. నేను గడపలో నిలబడి వాడిని చూస్తూ ఉన్నాను. ఎద్దుకు ఏమీ కాలేదు. తొట్టి అడుగు నాకి తల ఎత్తింది.

తెల్లవారి నా చీరలు మూట కట్టుకున్నాను. తమ్ముడు లారీ మీద పోయి ఉన్నాడు. మరదలు వాకిట్లోకి వచ్చి "ఏల వదినె, చుమ్మా ఊరకే ఉండండి, ఏడకు పోతారు?" అన్నది. ఆ అనడంలో గట్టితనం లేదు. విరుదునగర్ బస్సు ఎక్కాను.

విరుదునగర్‌లో పప్పు మిల్లులో పని దొరికింది. కందిపప్పు చేటల్లో పోసి చెరిగి, రాళ్ళు, పుచ్చులు ఏరడం. నేల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళం. ఒంటి గది, ఒక పొయ్యి. ఆ ఊరి దుమ్ముకు దగ్గు వచ్చింది తప్ప బతుకు గడిచింది. అక్షరాలు నేర్చుకుంది కూడా ఆ ఏళ్ళలోనే, మిల్లు పక్క వీధిలో ఒక పెద్దావిడ దగ్గర.

మాట మాత్రం నా వెంటే బస్సెక్కి వచ్చింది. మావాళ్ళు ఆ ఊళ్ళోనూ ఉన్నారు. ఒక ఇంట్లో చెవులు కుట్టే పండగకు పిలిస్తే పోయాను. అందరితో పాటు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. ఆ ఇంటి కోడలు వచ్చి నా ముందున్న గిన్నె మెల్లగా లాక్కుంది.

"మీరు పెద్దవారు, ఏల కష్టపడతారు? ఫ్యాన్ కింద కూసోండి పెద్దమ్మా."

నాకంటే పెద్దది నా పక్కనే కూర్చుని గుమ్మడికాయ కోస్తోంది. ఆమెను ఎవరూ లేవమనలేదు. లేచి ఫ్యాన్ కింద కూర్చున్నాను. ఆ తర్వాత ఎవరి ఇంట్లోనూ గరిటె పట్టుకోలేదు.

తమ్ముడు ఉప్పు లోడుతో విరుదునగర్ వచ్చినప్పుడు గది ముందు ఆగేవాడు. అరుగు మీద కూర్చునేవాడు. "బాగుండావా అక్కా? దగ్గు తగ్గిందా?" అనేవాడు. మందుల బిళ్ళలు, పళ్ళు తెచ్చేవాడు. నేను తినమంటే, "ఇప్పుడే తింటిని" అనేవాడు. నీళ్ళిస్తే, బాటిల్ ఉంది అని చూపించేవాడు. నాకు వాడి పళ్ళు వద్దు, బిళ్ళలు వద్దు. వాడు మళ్ళీ నా చేతి కూడు తినాలి, అంతే. ఆ ఏళ్ళన్నీ నేను కోరుకున్నది అదొక్కటే. అడగలేదు. అడిగి తినిపించుకుంటే అది తిండి కాదు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు, ఒక మధ్యాహ్నం మరదలు మిల్లు గేటు దగ్గరికి వచ్చింది. జుట్టు విరబోసుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా.

"వదినె, మదురై పెద్దాసుపత్రిలో ఉండారు. గొంతు మూసుకపోయె. బతికినారు గాని... మీరు రావల్ల."

"ఏమి తిన్నాడు?"

"నెత్తళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత ఆశపడి తెచ్చినారు. చిన్నవి కదా అని పేగులతోనే వేపుడు చేస్తిని."

"ఎవురు చేసినారు?"

"నేనే వదినె. నా చేతనే." అప్పుడు ఏడ్చింది. "ఇప్పుడు నన్ను అంటా ఉండారు. మీ చిన్నాయన కొడుకులు ఆసుపత్రి వాకిట్లోనే అంటిరి, ఏమి కలిపినావే అని."

నోటికి వచ్చింది అనేశాను. "నరికుడికి పోదామా? ముసలాయన ఉంటే ఉండ తీసిస్తాడు."

ఆమె నా కాళ్ళ దగ్గర దుమ్ములో కూర్చుంది. అంతకంటే అనడానికి నాకు మనసు రాలేదు. చేట పక్కన పెట్టి, ఆమెను లేపి బస్టాండుకు నడిచాను. దారిలో టీ ఇప్పించాను. తాగింది.

మదురైలో తమ్ముడు మంచం మీద ముక్కుకు గొట్టంతో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. అక్కడి డాక్టరు కుర్రవాడు, సముద్రం పక్క ఊళ్ళో పనిచేసి వచ్చినవాడు. ఓపికగా అడిగాడు. చేయి మీద సూదితో గుచ్చి రకరకాల చేపల రసం పెట్టి చూశారట, చేపకు ఒళ్ళు ఉబ్బలేదు. అయితే చేప కాదు, చేపలో ఉండేదేదో అన్నాడు. ఖాయం చేసుకోవడానికి నెత్తురు ఎక్కడికో పంపాడు. కొన్నాళ్ళకు వచ్చిన జవాబు ఆయన అనుకున్నట్టే ఉంది.

సముద్రపు చేపల పొట్టలో తెల్లటి పురుగు ఉంటుందట, దారంలా చుట్టుకుని. ఉడకని చేపతో అది ఒకసారి బతికుండగా మనిషి కడుపులోకి పోతే, కొందరి ఒళ్ళు దాన్ని పగబట్టినట్టు గుర్తు పెట్టుకుంటుందట. ఆ తర్వాత చచ్చిన పురుగు వచ్చినా, ఉడికిన పురుగు వచ్చినా, ఒళ్ళు ఊరుకోదట. మిగతావాళ్ళు అదే తింటే వాళ్ళకు ఏమీ కాదు.

"పచ్చిగా ఎప్పుడైనా తిన్నారా?" అని డాక్టరు అడిగాడు. తమ్ముడు గొట్టం కింద నుంచి "ఉప్పుమడి" అన్నాడు. నేను ఆ కడుపునొప్పి సంగతి చెప్పాను.

"హోటల్లో తింటే ఏల కాలేదు?" అని మరదలు అడిగింది.

"పెద్ద చేప వీపు కండ ముక్కలు వేయించి ఉంటారమ్మా. అక్కడ పురుగు అంతగా ఉండదు." డాక్టరు నా వైపు తిరిగాడు. "ఇంట్లో ఈయన ఏ ముక్క తినేవారు?"

మరదలు నన్ను చూసింది. తమ్ముడూ చూశాడు.

"పొట్ట తునక" అన్నాను.

"ఆ పురుగు ఎక్కువగా ఉండేది అక్కడే" అన్నాడు ఆయన. ఆయనకు అది చేప సంగతి. రాసుకుని, పక్క మంచానికి పోయాడు.

మందు పెట్టలేదని తేలింది కదా, సంతోషించాలి కదా అని నన్ను చాలామంది అడిగారు. తేలింది నిజమే. దాంతోపాటు ఇంకొకటి కూడా తేలింది. ఇంతమందిలో వాడి తట్టలో మాత్రమే నేను ప్రేమతో ఏరి ఏరి పెట్టింది ఏమిటో తేలింది. తప్పు నాది కాదు. ఎవరిదీ కాదు. అయినా గోటికి అంటుకున్న ఆ తెల్ల పోగులు గుర్తుకొస్తాయి, గీకితే కొన్ని వచ్చేవి, కొన్ని రాకపోయేవి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పోయాక, కోలుకున్నాక, తమ్ముడు విరుదునగర్ వచ్చాడు. లారీ మీద కాదు, బస్సులో. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి పొయ్యి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, కూడు పెట్టు. ఆకలైతా ఉంది."

"చేప లేదు రా."

"తెలుసులే! చేప నాకింక ఈ జన్మకు లేదు. ఉండేది పెట్టు."

వంకాయ పులుసు ఉంది. అన్నం వేడిగా ఉంది. తట్ట కడిగి, అన్నం పెట్టి, నడుమ గుంట చేసి పులుసు పోశాను. నువ్వులనూనె చుక్క వేశాను. కొంచెం ఎక్కువే పడింది. ఎదురుగా కూర్చున్నాను.

వాడు అన్నంలో చేయి పెట్టాడు. కలపలేదు. ముందు వేళ్ళతో మెతుకులు పక్కకు జరిపాడు. వంకాయ ముక్కను బొటనవేలితో చిదిమి లోపల చూశాడు. పులుసులో కరివేపాకు తీసి తట్ట అంచున పెట్టాడు, దాన్ని తిప్పి చూశాడు. అప్పుడు కలిపాడు.

"ఏమి వెతుకుతావు రా? వెంట్రుకా?"

వాడి చేయి ఆగిపోయింది. తాను చేస్తున్నది అప్పుడే వాడికి కూడా తెలిసింది.

"లేదక్కా. పలక్కం, అలవాటు అయిపోయె. ఎవురి ఇంట్లో తిన్నా వేలు అట్లే పోతుంది. నేను నమ్మలేదని కాదు."

"నువ్వు నమ్మినావులే. నీ వేలికి ఇంకా ఎవరూ చెప్పలేదు."

వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, మింగాడు. మింగాక కొంచెం ఆగాడు, గొంతు మీద చేయి వేసుకుని. నేను వాడి పెదవినే చూస్తున్నాను. పెదవి ఉబ్బలేదు. ఇంకో ముద్ద తిన్నాడు. ఇంకొకటి. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, పులుసు కారానికి కాదు. తినాలని వాడికి ఉంది. గొంతు దిగడం లేదు. సగం దాకా వచ్చి తట్ట జరిపాడు.

"చాలక్కా. కడుపు నిండె."

పోయే ముందు నా చేయి పట్టుకున్నాడు. పట్టుకుని ఏదో అనబోయి, "దగ్గుకు బిళ్ళలు వేసుకుంటా ఉండావా?" అని అడిగాడు. వేసుకుంటున్నానని చెప్పాను. వీధి మలుపు దాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ వస్తానన్నాడు. రాకముందే గుండె ఆగింది.

ఆ రోజు వాడు మలుపు తిరిగాక లోపలికి వచ్చాను. తట్ట అక్కడే ఉంది. సగం అన్నం, అంచున కరివేపాకు, చిదిమిన వంకాయ. పారేయలేదు. వాడు కూర్చున్న చోటే కూర్చుని, ఆ మిగిలింది నేను తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. పులుపూ సరిగ్గానే ఉంది.